డెస్క్‌టాప్ సెట్టింగుల బ్యాకప్ – 3వ పాఠం: ముందు చోటు, తర్వాతే టూల్

గత పాఠంలో హోమ్ ఫోల్డర్‌లో చుక్కతో మొదలయ్యే ఫైళ్ళు ఏమిటో చూశాం. ఈసారి సెట్టింగుల్లో మార్పుల్ని కనిపెట్టడానికి, దాచుకోవడానికి ఏ టూల్ తీసుకోవాలో చూద్దాం. ఉదాహరణలు ఉబుంటులో వచ్చే గ్నోమ్ డెస్క్‌టాప్‌వి.

పోయిన వేసవిలో కొత్తపేటలో ఉండే మా నాన్నగారి కంప్యూటర్ డిస్క్ పోయింది. సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌కి వెళ్ళి కొత్త డిస్క్, ఎస్ఎస్‌డీ తెచ్చాను. బయటి డిస్క్‌లో టైమ్‌షిఫ్ట్ అనే బ్యాకప్ టూల్ తీసిన కాపీతో సాయంత్రానికల్లా సిస్టమ్ నిలబడింది. ఫొటోలు పెన్‌డ్రైవ్‌లో ఎలాగూ ఉన్నాయి. పనైపోయిందనుకుంటుండగా నాన్నగారు కళ్ళద్దాలు సవరించుకుని, "అక్షరాలు మళ్ళీ చీమల్లా అయిపోయాయేంట్రా? తెలుగు కూడా పడట్లేదు" అన్నారు.

టైమ్‌షిఫ్ట్ సిస్టమ్ ఫైళ్ళ కోసం చేసింది. మనం ప్రత్యేకంగా చెబితే తప్ప హోమ్ ఫోల్డర్ జోలికి వెళ్ళదు. అక్షరాల సైజు, తెలుగు కీబోర్డు ఉండేది ఆ హోమ్‌లోనే. అందుకే ఏ టూల్ మంచిదని అడిగేముందు, నా సెట్టింగ్ ఎక్కడ ఉంటోందని అడగాలి.

అది కళ్ళతో చూద్దాం. గ్నోమ్ సెట్టింగుల్ని దాచేది డీకాన్ఫ్. టెర్మినల్‌లో డీకాన్ఫ్ వాచ్ (dconf watch) అని ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో కొట్టి, కాస్త ఖాళీ వదిలి, ఒక్క స్లాష్ పెట్టి ఎంటర్ నొక్కండి. ఏమీ రాదు. కంగారు పడకండి, అది మార్పు కోసం కాచుకుని ఉంది. ఇప్పుడు సెట్టింగ్స్‌లో యాక్సెసబిలిటీకి వెళ్ళి లార్జ్ టెక్స్ట్ ఆన్ చేయండి. టెర్మినల్‌లో టెక్స్ట్ స్కేలింగ్ ఫ్యాక్టర్ అన్న పేరుతో ముగిసే ఒక దారి, దాని కింద 1.25 కనిపిస్తాయి. నాన్నగారి చీమల మందు ఆ ఒక్క అంకె! నైట్ లైట్ కూడా ఆన్ చేసి చూడండి, ఇంకో దారి, దాని కింద ట్రూ అని వస్తుంది. చాలనుకున్నప్పుడు కంట్రోల్ పట్టుకుని సీ నొక్కితే ఆగిపోతుంది.

ఇవన్నీ డీకాన్ఫ్ ఒకే ఫైల్‌లో దాచుకుంటుంది. అది మనం చదవగలిగే టెక్స్ట్ కాదు. దాన్ని నేరుగా గిట్‌లో, అంటే ఫైళ్ళలో ఎప్పుడేం మారిందో రాసిపెట్టుకునే టూల్‌లో, పెడితే "ఫైల్ మారింది" అంటుందే గానీ, ఏం మారిందో చెప్పలేదు. కాబట్టి సెట్టింగులన్నిటినీ బయటికి రాసే డీకాన్ఫ్ డంప్ కమాండ్‌తో టెక్స్ట్ ఫైల్‌గా తీసి, దాన్ని గిట్‌కి అప్పగించాలి. లినక్స్ కెర్నల్ కోడ్ కోసం 2005లో పుట్టిన గిట్ మన చిన్న ఫైల్‌కీ చక్కగా సరిపోతుంది. మొత్తం డంప్ తీస్తే విండో సైజుల్లాంటివి రోజూ మారుతూ చిరాకు పెడతాయి. డెస్క్‌టాప్ విభాగం వరకే విడిగా తీస్తే తేడాలు తేటగా కనిపిస్తాయి. నేను అలాగే చేస్తాను.

గ్నోమ్ బదులు కేడీఈ అనే డెస్క్‌టాప్ వాడేవాళ్ళకు ఈ బాధ లేదు. వాళ్ళ సెట్టింగులు చాలావరకు హోమ్‌లోని కాన్ఫిగ్ ఫోల్డర్‌లో టెక్స్ట్‌గానే ఉంటాయి. సిస్టమ్ సెట్టింగులుండే ఈటీసీ ఫోల్డర్‌లో మార్పులకు ఈటీసీకీపర్ అనే టూల్ పెట్టుకోండి. ప్యాకేజీ ఎక్కించినప్పుడల్లా అదే గిట్‌లో రాసుకుంటుంది, ఫైళ్ళ పర్మిషన్లు కూడా గుర్తుపెట్టుకుంటుంది. ఇంట్లో ఒకటి, ఆఫీసులో ఒకటి కంప్యూటర్లుండి రెండిట్లో కొద్ది తేడాలు కావాలంటే షెమ్వా (chezmoi) అనే టూల్ మంచిది. ఒక్కటే ఉన్నవాళ్ళు దాని జోలికి పోనక్కర్లేదు.

ఒక్కటి మాత్రం గట్టిగా చెబుతున్నాను. కాన్ఫిగ్ ఫోల్డర్ మొత్తాన్ని ఇంటర్నెట్‌లో అందరికీ కనిపించే గిట్ రిపాజిటరీలోకి ఎక్కించొద్దు. అందులో కొన్ని యాప్‌ల లాగిన్ టోకెన్లు, అంటే పాస్‌వర్డ్ లేకుండానే లోపలికి పంపే తాళాలు, ఉంటాయి. ఫైళ్ళు ఒక్కొక్కటిగా చూసి చేర్చండి. కాపీ ఒకటి వేరే డిస్క్‌లో ఉండాలి, అదే డిస్క్‌లో ఉంటే డిస్క్‌తో పాటే పోతుంది.

ఇంటిపని: మీ కంప్యూటర్‌లో కొత్త యూజర్‌ని సృష్టించి, అందులోకి లాగిన్ అయి, మీ డంప్‌ని డీకాన్ఫ్ లోడ్‌తో ఎక్కించండి. అక్షరాల సైజు వచ్చిందా? తెలుగు కీబోర్డు వచ్చిందా? వాల్‌పేపర్ రాకపోవచ్చు, ఎందుకంటే డంప్‌లో ఉండేది బొమ్మ కాదు, బొమ్మ ఉన్న దారి మాత్రమే. రానివన్నీ ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి, 4వ పాఠం ఆ కాగితంతోనే మొదలుపెడదాం.