రాత్రి ముహూర్తం పెళ్లికి వెళ్తున్నారా? ఫిట్స్ మందుల జాగ్రత్తలు

టెంపోరల్ లోబ్ ఫిట్స్ (కణతల దగ్గరుండే మెదడు భాగంలో పుట్టే ఫిట్స్) మందులతో అదుపులో ఉన్నవాళ్లకి రాత్రి రెండింటి ముహూర్తం గండమే. నిద్ర తెగిపోతుంది, ఆ హడావిడిలో తొమ్మిదింటి మాత్ర మర్చిపోతారు. రెండూ ఒకే రాత్రి కలిస్తే ఏడాదిగా రాని ఫిట్ కూడా రావచ్చు. సాయంత్రం కాసేపు పడుకోండి, తలంబ్రాలు అవగానే విడిదికి వెళ్లిపోండి. ఎవరేమనుకున్నా సరే.

ముహూర్తం కోసం మాత్ర టైము జరపకండి. అలారం మోగేసరికి స్ట్రిప్ చేతిసంచీలో ఉండాలి, విడిదింట్లో పెట్టెలో కాదు. మర్చిపోతే గుర్తురాగానే వేసుకోండి. అప్పటికే పొద్దుటి మాత్ర టైము దగ్గరపడితే ఆ పొద్దుటిది ఒక్కటే వేసుకోండి. రెండూ కలిపి మింగితే, కార్బమజెపైన్ అనే ఫిట్స్ మందు అయితే ఒకటి రెండుగా కనిపిస్తుంది, అడుగు తూలుతుంది. గౌరీపూజ ఉపవాసమైనా మాత్ర ఆపొద్దు.

నాలుగు రోజుల ప్రయాణానికి పది రోజుల మందు పెట్టుకోండి. ఊళ్లో మెడికల్ షాపువాళ్లు "అదే మందండీ" అని ఇచ్చినా స్ట్రిప్ మీద సీఆర్ అని ఉందో లేదో చూడండి. సీఆర్ నెమ్మదిగా మందు వదిలే మాత్ర; దాన్ని నమలకూడదు, నూరకూడదు. బదులుగా మామూలుది వస్తే, 200 మి.గ్రా. అంకె అదే ఉన్నా, మందు ఒక్కసారిగా ఎక్కి తొందరగా దిగిపోతుంది. వాల్‌ప్రోయేట్ అనే ఇంకో ఫిట్స్ మందుని ముందే రేకులోంచి తీసి డబ్బాలో పోయకండి, తేమ పీల్చేస్తుంది. కార్బమజెపైన్ తేమకి గట్టిపడి కడుపులో సరిగా కరగదు.

నడుంనొప్పికని ఎవరో ఇచ్చే మాత్రలో ట్రమడాల్ ఉండొచ్చు. అది ఫిట్స్‌ని రేపుతుంది.

పక్కన ఉండే ఒక్కరికైనా విషయం చెప్పండి. ఈ రకం ఫిట్స్‌లో అందరూ కింద పడి కొట్టుకోరు. కడుపులోంచి ఏదో పైకి వస్తున్నట్టు, ఇదంతా ఇదివరకే జరిగినట్టు అనిపిస్తుంది. తర్వాత పిలిస్తే పలకరు, పెదాలు చప్పరిస్తారు, కొంగు నలుపుతూ ఉంటారు. మామూలుగా ఒకటి రెండు నిమిషాల్లో తగ్గుతుంది. ఈలోగా గట్టిగా పట్టుకోకుండా హోమం, మెట్లు, గాడిపొయ్యిల వైపు పోనివ్వకుండా మెల్లగా మళ్లించాలి. చేతిలో తాళాలగుత్తి పెట్టడం, నోట్లో నీళ్లు పోయడం వద్దు. ఐదు నిమిషాలు దాటినా, తెలివి రాకముందే ఇంకోటి వచ్చినా ఫిట్‌ని ఆపడానికి డాక్టరు రాసిచ్చిన మిడజోలం స్ప్రే చెప్పినంతే ముక్కులో కొట్టి 108కి ఫోన్ చేయాలి. ఆ స్ప్రే ఏ సంచీలో ఏ అరలో ఉందో బస్సెక్కేముందే వాళ్లకి చూపించండి. ఎక్స్‌పైరీ తేదీ కూడా అప్పుడే చూసుకోండి.