సింప్సన్స్ చూడబోయే ముందు

1989 డిసెంబరులో అమెరికాలోని ఫాక్స్ ఛానెల్‌లో మొదలైన ‘ది సింప్సన్స్’ను పిల్లల కార్టూన్ అనుకుని కూర్చుంటే నిరాశ తప్పదు, అది పెద్దల కోసం బొమ్మల్లో గీసిన వ్యంగ్యం. ఇంకా కుదురుకోని మొదటి సీజన్‌ను పక్కనపెట్టి, పాత అభిమానులు ఎక్కువగా మెచ్చే మూడు నుంచి ఎనిమిది సీజన్లతో ఆరంభించండి.

కథలోని బడి ప్రిన్సిపాల్ స్కిన్నర్ నిజానికి మరొకరి పేరుతో బతుకుతున్నాడని తేల్చే 1997 నాటి ఎపిసోడ్‌ను మాత్రం నలుగురితో కలిసి చూడండి. ఏళ్ల తరబడి పెంచిన పాత్రను ఒక్క దెబ్బతో కూల్చారని కొందరూ, మార్పును సహించని ప్రేక్షకులకే అద్దం పట్టారని మరికొందరూ నేటికీ వాదిస్తారు. ఆ పేరు గల అసలు స్కిన్నర్‌ను ఊరివాళ్లు కుర్చీకి కట్టి రైలెక్కించాక, ఈ ఊసెత్తితే చిత్రహింసేనని న్యాయమూర్తి ఆదేశిస్తాడు. అక్కడ ఆపి, పక్కవారి అభిప్రాయం అడగండి. నా మట్టుకు ఆ ఎపిసోడ్‌లో అత్యుత్తమమైన హాస్యం అదే, ముందున్న కథ కాస్త నీరసమే అయినా.