రోజూ కడుగుతున్నా రెప్పల వాపు తగ్గడం లేదా?

రెప్పలు కడగడం, కాపడం పెట్టడం తెలిసినవాళ్లకే ఇది. అదంతా చేస్తున్నా బ్లెఫరైటిస్, అంటే రెప్ప అంచుల వాపు, లొంగకపోతే ఎక్కడ చూడాలో చెప్పడానికి.

లక్షణం: పొద్దున రెప్పలు అతుక్కుంటాయి, కండ్లలో మంట, అంచుల్లో నురగ.

కారణం: రెప్ప అంచులోని మైబోమియన్ గ్రంథుల్లో నూనె గడ్డకట్టింది. కాపడం పెడుతున్నారు, అయితే వేడి నిలవడం లేదు. తడిగుడ్డ రెండు నిమిషాలకే చల్లారుతుంది. గడ్డ కరగాలంటే 40 డిగ్రీలు దాటిన వేడి 5 నుంచి 10 నిమిషాలు తగలాలి.

పరిష్కారం: గుడ్డను మళ్లీ మళ్లీ ఉడుకు నీళ్లలో ముంచి పిండండి. ముందు మణికట్టు లోపలివైపు ఆనించండి, చురుక్కుమంటే ఆగండి. కాపడం తీసిన వెంటనే పై రెప్పను కిందికి, కింది రెప్పను పైకి, వెంట్రుకల వైపు నిమరండి. మే నెల తిరుపతి ఎండ చాలదా అంటారు కొందరు. ఎండ కన్నీళ్లను ఆరబెడుతుంది, అంతే.

లక్షణం: అన్నీ సరిగ్గా చేస్తున్నా నెలల తరబడి దురద, రెప్ప వెంట్రుకల మొదళ్లలో పొట్టు, రాలే వెంట్రుకలు.

ఇక్కడే అందరూ దాటేసే పరీక్ష ఒకటుంది. అద్దంలో నేరుగా చూసుకుంటే పై రెప్ప మొదళ్లు కనపడవు. ఇంట్లో ఒకరిని పిలిచి, మీరు కిందికి చూస్తుండగా పక్కనుంచి టార్చి వేసి దగ్గరగా ఫోటో తీయించండి. పెద్దది చేసి చూడండి. పొట్టు వెంట్రుక పొడవునా జిడ్డుగా అంటుకుని ఉంటే అది చుండ్రు తరహా. ఒక్కో వెంట్రుక మొదట్లో చుట్టూ మైనం తొడుగు వేసినట్టు గొట్టంలా ఉంటే అది డెమోడెక్స్ పురుగు పని. పొడవు అర మిల్లీమీటరు కూడా ఉండదు, వెంట్రుక కుదురులో దాక్కుంటుంది. తిరుపతి రుయా ఆసుపత్రిలోనైనా, ఇంకే కంటి ఆసుపత్రిలోనైనా స్లిట్ ల్యాంప్ (కన్నును పెద్దదిగా చూపే పరికరం) ముందు మిమ్మల్ని కిందికి చూడమంటే డాక్టరుకు వెంటనే తెలుస్తుంది.

బేబీ షాంపూ పైపొట్టును కడుగుతుంది, కుదురులోని పురుగు జోలికి పోదు. 0.01 శాతం హైపోక్లోరస్ యాసిడ్ స్ప్రే బ్యాక్టీరియాకు మంచిదే, దీనికి చాలదు. టీ ట్రీ నూనెలోని టెర్పినెన్-4-ఆల్ ఉన్న, కంటి రెప్పల కోసమే తయారైన వైప్ (మందుతో తడిపిన తుడుపు గుడ్డ) కావాలి. కన్ను మూసి, మొదళ్ల వెంబడి అడ్డంగా రుద్దండి. రెండో కంటికి కొత్త వైప్. తర్వాత నీళ్లతో కడగాలా వద్దా అన్నది ప్యాకెట్ మీద ఉంటుంది, చదవండి.

పది రోజులకు దురద తగ్గగానే మానేయడమే అసలు తప్పు. ఈ పురుగు జీవితచక్రం రెండు మూడు వారాలు. గుడ్లు పిగిలి మళ్లీ మొదలవుతుంది. కనీసం ఆరు వారాలు వదలకండి. దిండు గలీబులు వారం వారం వేడినీళ్లలో ఉతకండి, వాడుతున్న కాటుక పారేయండి. కొండకెళ్లి గుండు చేయించుకున్నాం గదా అనుకోవద్దు, కనుబొమ్మలూ రెప్పలూ అట్లే ఉంటాయి.

చిక్కటి టీ ట్రీ నూనె కొని ఇంట్లో కొబ్బరినూనెలో కలిపి రాయడం మాత్రం వద్దే వద్దు, కంటి నల్లగుడ్డు మీది పొర దెబ్బతింటుంది. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే స్టెరాయిడ్ చుక్కలూ అంతే. రెండ్రోజులు ఎరుపు పోతుంది, పురుగు పోదు, వాడుతూపోతే కంట్లో ఒత్తిడి పెరుగుతుంది.

మిగతావి అరుదు. వైప్ మొదలుపెట్టాకే ఎరుపెక్కితే ఆ వైప్ పడలేదని అర్థం, మార్చండి. బుగ్గలు, ముక్కు కూడా ఎర్రగా ఉంటే రోసేసియా అనే చర్మవ్యాధి కావచ్చు, చర్మ డాక్టరుకు చూపించండి. ఒక్క రెప్పకే వచ్చి, అక్కడే వెంట్రుకలు రాలి, గడ్డ తగ్గకపోతే ఇంటి వైద్యం ఆపి కంటి డాక్టరు దగ్గరికి పోండి, క్యాన్సర్ కాదని తేల్చుకోవాలి. చూపు మసకబారినా, వెలుతురు చూడలేకపోయినా, నొప్పి పెరిగినా అదే రోజు పోవాలి.