అప్పడాలతో మైక్రోవేవ్ తరంగదైర్ఘ్యం కొలవడం

రేడియో తరంగాలకూ పరారుణ కిరణాలకూ మధ్య ఉండేవి మైక్రోవేవ్‌లు. వీటి తరంగదైర్ఘ్యాన్ని, అంటే ఒక అల శిఖరం నుంచి తర్వాతి శిఖరం దాకా ఉండే దూరాన్ని, ఇంట్లోనే కొలవచ్చు.

ఓవెన్‌లోని గాజు పళ్లెం, కింది చక్రాల రింగు తీసేయండి. పళ్లెం తిరిగితే వేడి అంతటా పరుచుకుని కొలత పోతుంది. ఇరుసు మీద గాజు గిన్నె బోర్లించి, పైన పళ్లెం పెట్టి, పచ్చి అప్పడాలు పక్కపక్కనే పరవండి. విశాఖ ఉప్పుగాలికి మెత్తబడ్డవైనా పర్లేదు, వేడెక్కేది ప్రధానంగా ఆ తేమే. 15-20 సెకన్లు చాలు. ఎక్కువైతే మచ్చలు కలిసిపోతాయి, మాడతాయి కూడా.

తెల్లగా పొంగిన పక్కపక్క మచ్చల నడిమి దూరం సుమారు 6 సెంటీమీటర్లు. తరంగం బలంగా ఊగే చోట్లే ఇలా పొంగుతాయి, అలాంటి రెండు పక్క చోట్ల మధ్య దూరం సగం తరంగదైర్ఘ్యమే! రెట్టింపు చేసి, ఓవెన్ వెనక రాసి ఉండే 2450 మెగాహెర్ట్జ్‌తో (సెకనుకు 245 కోట్ల ఊపులు) గుణించండి: 0.12 మీటర్లు × 245 కోట్లు, అంటే సెకనుకు సుమారు 30 కోట్ల మీటర్లు. కాంతి వేగం అదే. పెట్టె గోడలన్నిటి నుంచీ తరంగాలు వెనక్కి కొడతాయి కాబట్టి మచ్చలు కాస్త అడ్డదిడ్డంగా వస్తాయి. నాలుగైదు జతలు కొలిచి సగటు తీయండి.