దసరా వెళ్ళాక మిద్దె తోటలో పనులు: బెజవాడ, గుంటూరు వాళ్ళ కోసం

మన దగ్గర మేడ మీద కూరగాయలు పెంచేవాళ్ళు చాలామంది జూన్‌లో తొలకరి పడగానే హడావిడిగా మొదలుపెట్టి, సెప్టెంబరు వానలకి సగం మొక్కలు కుళ్ళిపోయేసరికి విసుగొచ్చి అక్టోబరులో వదిలేస్తారు. సరిగ్గా వదిలెయ్యకూడని నెల అదే. మే నెల ఎండల్లో టమాట పూత నిలవదు, అదే మొక్క రాత్రిళ్ళు కాస్త చల్లబడితే గుత్తులుగా కాస్తుంది. క్యాబేజీ, కాలీఫ్లవర్, ముల్లంగి, క్యారెట్, బీట్‌రూట్, మెంతికూర, కొత్తిమీర, వీటన్నిటికీ కావలసిన చల్లదనం మన ఊళ్ళో దొరికేది నవంబరు నుంచి ఫిబ్రవరి సగం దాకానే. అందుకని దసరాకీ కార్తీక పౌర్ణమికీ మధ్య అసలు పని అయిపోవాలి.

విత్తనాల ప్యాకెట్లు కొనేముందు మట్టి సంగతి చూడండి. నాలుగు నెలల వానకి కుండీలో ఉన్న బలమంతా నీళ్ళతో పాటు కింద చిల్లులోంచి పోతుంది, మట్టి కూడా అణిగిపోయి బిరుసెక్కుతుంది. పైన గుప్పెడు ఎరువు చల్లి నాటేస్తే మొక్క నెల రోజులు బాగానే ఉండి తర్వాత ఎదుగుదల ఆగిపోతుంది, అప్పుడు అందరూ విత్తనాన్ని తిడతారు. కుండీని పట్టా మీద బోర్లించి, గడ్డలు చిదిపి, పాత వేళ్ళు ఏరేసి, రెండు మూడు రోజులు ఎండలో ఆరబెట్టండి.

ఆ వేళ్ళని మాత్రం ఊరికే పారెయ్యకండి, కడిగి చూడండి. బెండ, వంగ, టమాట వేళ్ళ మీద ఆవగింజంత నుంచి శనగగింజంత దాకా బుడిపెలు కనిపించి, గోటితో తీస్తే ఊడిరాకుండా వేరే ఉబ్బినట్టు ఉంటే అవి వేరుబుడిపె నులిపురుగుల వల్ల వచ్చినవి. చిక్కుడు, బొబ్బర వేళ్ళ మీద కూడా బుడిపెలుంటాయి గానీ అవి తేలిగ్గా ఊడొస్తాయి, చిదిపితే లోపల గులాబీ రంగు కనిపిస్తుంది. అవి గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకి అందించేవి, వాటితో భయం లేదు. నులిపురుగులున్న మట్టిలో ఈ సీజనుకి టమాట, వంగ, మిరప పెట్టొద్దు. ఆ కుండీకి బంతి నారు పెట్టండి, దాని వేళ్ళు ఈ పురుగుల్ని తగ్గిస్తాయి, సంక్రాంతికి గుమ్మానికి పూలూ వస్తాయి.

మిగతా మట్టి రెండు వంతులు, బాగా చివికిన పశువుల ఎరువో వర్మీ కంపోస్టో ఒక వంతు, కోకోపీట్ (కొబ్బరి పొట్టు) అర వంతు, 20 లీటర్ల బకెట్‌కి గుప్పెడు వేపపిండి. గుంటూరు వైపు నల్లరేగడి వాడేవాళ్ళు ఇసుక కూడా కలపాలి, లేకపోతే తడిస్తే బంక, ఎండితే బీటలు. పచ్చి పేడ వద్దే వద్దు, వేడికి వేళ్ళు మాడతాయి, దానితోపాటు తెల్లటి వేరుపురుగులూ వస్తాయి. కలిపిన మట్టిని తడిపి ఓ వారం నీడలో ఉంచి అప్పుడు నింపండి. 20 లీటర్ల బకెట్ తడి మట్టితో సుమారు 30 కేజీలు తూగుతుంది, కాబట్టి బరువైనవన్నీ స్లాబు నడిమధ్యలో కాకుండా బీముల మీదుగా, పిట్టగోడ వెంట పెట్టుకోండి.

ఇక నారు. టమాట, వంగ, మిరప, క్యాబేజీ, కాలీఫ్లవర్ ట్రేల్లో పోసి వాన నేరుగా పడని చోట పెట్టాలి, ఎందుకంటే ఈ నెలలో నారుని చంపేది నారుకుళ్ళు తెగులు. నిన్నటిదాకా నిటారుగా ఉన్న మొలక మట్టిని తాకే చోట దారంలా సన్నబడి పొద్దున్నకి పడిపోయి ఉంటుంది. ట్రే మట్టిలో ట్రైకోడెర్మా విరిడి (తెగులుని అణిచే మేలు శిలీంధ్రం) కలపండి, విత్తనం ఒత్తుగా పొయ్యకండి, పై మట్టి ఆరాకే నీళ్ళివ్వండి. కాలీఫ్లవర్‌లో ముందస్తు రకం అడిగి తీసుకోండి, బాగా చలి కావలసిన రకాలు మన దగ్గర పువ్వు కట్టవు. టమాట, క్యాబేజీ, కాలీఫ్లవర్ నారు 25 రోజులకి నాటడానికి వస్తుంది, వంగ, మిరపకి ఇంకో వారం పది రోజులు పడుతుంది. టమాటని కింది ఆకులు తుంచి కాండం లోతుగా పూడ్చి నాటితే ఆ కాండానికీ వేళ్ళొస్తాయి.

కొత్తిమీర మొలవట్లేదనే మాట ప్రతి మేడ మీదా వినిపిస్తుంది. ధనియాలు అలాగే చల్లితే అంతే. ఒక్కో గింజలో రెండు విత్తనాలుంటాయి, అప్పడాల కర్రతో నెమ్మదిగా నలిపి బద్దలు చేసి, రాత్రంతా నానబెట్టి చల్లండి. ఓ పది రోజులు ఓపిక పట్టాలి. ముల్లంగి, క్యారెట్ నారు పోసి మార్చేవి కావు, ఎక్కడ పెరగాలో అక్కడే విత్తాలి. అన్నీ ఒకేసారి కాకుండా పదిహేను రోజులకో కుండీ చొప్పున వేస్తే ముల్లంగి, ఆకుకూరలు సంక్రాంతి దాకా విడవకుండా వస్తాయి.

గోంగూర గురించి ఒక మాట, గుంటూరు వాళ్ళకి మరీ ముఖ్యం. పగలు పొట్టి అయ్యేకొద్దీ గోంగూర పూతకి వెళ్ళిపోతుంది, ఇప్పుడు విత్తితే జానెడు ఎదగకుండానే పూస్తుంది, ఆకు చిన్నదవుతుంది. ఈ మూడు నెలలూ ఆ కుండీలో పాలకూర వేసుకోండి. చిక్కుడుది కూడా అదే స్వభావం, కాకపోతే మనకి లాభం: ఆషాఢ శ్రావణాల్లో పెట్టిన పాదు ఇప్పుడే పూతకొస్తుంది, ఆకులే ఉన్నాయి కాయ లేదని దయచేసి పీకెయ్యకండి, రథసప్తమి దాకా కాస్తుంది.

పాత వంగ మొక్కల్ని తీసెయ్యక్కర్లేదు, వేళ్ళు బాగుంటే. అడుగు ఎత్తు ఉంచి పైన కత్తిరించి ఎరువు వేస్తే కొత్త కొమ్మలొస్తాయి. కొమ్మ చివర తల వాల్చేసిందంటే లోపల పురుగుంది: వాడిన చోటికి రెండంగుళాల కింద తుంచి చీల్చి చూడండి, లేత గులాబీ రంగు పురుగు కనిపిస్తుంది. తుంచినదాన్ని మళ్ళీ కుండీలో పడెయ్యకుండా కవర్లో కట్టి పారెయ్యండి. ఎంత మందు కొట్టినా దానికంటే ఇదే బాగా పనిచేస్తుంది.

మిరపలో 2021-22లో గుంటూరు రైతుల్ని ఏడిపించిన నల్ల తామరపురుగు మేడ మీదికీ వస్తుంది. పువ్వుని తెల్ల కాగితం మీద తట్టండి, నలకల్లాంటి నల్లటి పురుగులు పరిగెడితే అదే. నీలం రంగు జిగురు అట్టలు కట్టి, లీటరు నీటికి 5 మి.లీ. వేపనూనె, కాస్త కుంకుడు రసం కలిపి సాయంత్రం పూట కొట్టండి, వారం తర్వాత మళ్ళీ. క్యాబేజీ పక్కన ఒక కుండీలో ఆవాలు చల్లితే ఆకు తినే పురుగు గుడ్లు ఎక్కువగా దాని మీదే పెడుతుంది.

అన్నిటికంటే టెన్షన్ తుపాన్లది. మిగ్‌జాం 2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటింది, అంటే డిసెంబరు దాకా ధీమాగా ఉండటానికి లేదు. హెచ్చరిక రాగానే పిట్టగోడ మీది కుండీలు కిందికి దించండి, పొడుగు మొక్కల్ని గాలి తగలని గోడ పక్కన పడుకోబెట్టండి, కుండీల కింద పళ్ళేలు తీసెయ్యండి, మేడ మీది నీళ్ళు పోయే గొట్టాల్లో ఆకులు లేకుండా చూడండి. టమాటకి కర్ర ఊతం నాటిన రోజే పాతాలి, తర్వాత పాతితే వేళ్ళు తెగుతాయి. వాన వెలిశాక రెండు రోజులు నీళ్ళు పొయ్యొద్దు, మట్టిలో వేలు పెట్టి చూసి ఆరిందనుకుంటేనే పొయ్యండి, అదీ పొద్దున పూట, మొక్క మొదలు దగ్గర, ఆకుల మీద కాదు.

ఫిబ్రవరిలో క్యాబేజీ కుండీలు ఖాళీ అయ్యాక వాటిలో బెండ, గోరుచిక్కుడు, దోస విత్తుకోండి, అవి ఎండకి తట్టుకుంటాయి.