పొడి చెత్త సంచిని గుజరీ అంగడిలో (పాత సామాన్లు కొనే చోట) వద్దంటే ఏం చూసుకోవాలి?

సమస్య: పాల ప్యాకెట్లు, సీసాలు, అట్టపెట్టెలు శ్రద్ధగా వేరు చేసి ఇచ్చినా అంగడివారు సంచి విప్పి చూసి వద్దంటారు, లేదా కాగితానికి ధర తగ్గిస్తారు. అనంతపురంలో చాలామంది ఇళ్ల నుంచి వినిపించే మాట ఇదే.

మొదటి కారణం తడి. ఇది కంటికి కనిపించేదే అయినా ఎవరూ చూడరు. పాల ప్యాకెట్లో మిగిలిన చుక్కలు మన ఎండకు ఒక్క రోజులోనే పులిసి, వాసనతో సంచినంతా పాడుచేస్తాయి. నీటి ఎద్దడి ఉన్న ఊళ్లలో ఇందుకు మంచినీళ్లు అక్కర్లేదు; బియ్యం కడిగిన నీళ్లతో జాడించి, దండెం మీద బోర్లించి ఆరబెడితే సరిపోతుంది. ప్యాకెట్ మూలను పూర్తిగా తెంచకుండా చీల్చాలి, ఎందుకంటే తెగిన చిన్న ముక్క చివరికి మట్టిలోకే చేరుతుంది.

తడి లేకపోయినా సంచి వెనక్కి వస్తే, పాత పేపర్ల కట్టలో టీ కప్పులు ఉన్నాయేమో వెతకండి. అందరినీ మోసం చేసేది ఇదే. చూడటానికి కాగితమే అయినా, టీ కారకుండా కప్పు లోపలి వైపు సన్నని ప్లాస్టిక్ పొర అతికించి ఉంటుంది. కాగితపు మిల్లులో పాత కాగితాన్ని నీళ్లలో నానబెట్టి గుజ్జు చేస్తారు. ఈ పొర కరగదు, పైగా దాని వెనకనున్న కాగితానికి నీరు సరిగ్గా అందనివ్వదు. అందుకే నాలుగు కప్పులు కనిపించినా కొనేవారు కట్టనంతా అనుమానంగా చూస్తారు. అనుమానం తీరాలంటే కప్పు అంచును మెల్లగా చించండి. చినిగిన చోట పారదర్శకమైన పొర సాగుతూ వేలాడితే అది ఉత్త కాగితం కాదు. ఇంకా తేలకపోతే ముక్కను రాత్రంతా నీళ్లలో ఉంచితే, ఉదయానికి కాగితం మెత్తబడి పొర విడిగా చేతికి వస్తుంది. పెళ్లిళ్లలో ఉగ్గాణి, బజ్జీలు పెట్టే వెండి రంగు పేపరు ప్లేట్లకూ, పండ్ల రసాల అట్ట డబ్బాలకూ ఇదే వర్తిస్తుంది. ఆ డబ్బాల్లో కాగితం, ప్లాస్టిక్, అల్యూమినియం మూడూ కలిసే ఉంటాయి.

మెరిసేది ప్లాస్టిక్ పొరో, లోహపు రేకో తేలకపోతే నలిపి చూడండి. చిప్స్ ప్యాకెట్‌ను గుప్పిట్లో నలిపి వదిలితే మళ్లీ విచ్చుకుంటుంది, రొట్టెలు చుట్టే అల్యూమినియం రేకు నలిగినట్టే ఉంటుంది. విచ్చుకునేవాటినీ, పొర ఉన్న కప్పులనూ పేపర్లలో కలపకుండా, మున్సిపాలిటీ బండిలో పొడి చెత్తగా విడిగా ఇవ్వండి.

సీసా అడుగున త్రిభుజంలోని అంకె ప్లాస్టిక్ రకాన్ని మాత్రమే చెబుతుంది, తిరిగి వాడతారన్న హామీ ఇవ్వదు. 1, 2, 5 అంకెలున్నవి సాధారణంగా కొంటారు. సీసా మూత, లేబుల్ గురించి చింతించనక్కర్లేదు, వాటివల్ల సంచి వెనక్కి రావడం అరుదు.