1792లో జెఫర్సన్‌కి సిఫారసు ఉత్తరం రాయాలంటే

డిగ్రీ విద్యార్థులకి అమెరికా చరిత్ర చెప్పేటప్పుడు నేను ఏటా ఒక పని ఇస్తాను. ఇది 1792 అనుకోండి, మీకు బాగా తెలిసిన మసాచుసెట్స్ వ్యాపారి ఒకాయన కలకత్తాలో అమెరికా కాన్సల్‌గా (పరాయి రేవులో సొంత దేశపు ఓడల, వ్యాపారుల పనులు చూసే ప్రతినిధిగా) వెళ్లాలనుకుంటున్నాడు, ఆయన తరఫున విదేశాంగ మంత్రి థామస్ జెఫర్సన్‌కి సిఫారసు ఉత్తరం రాయండి అంటాను. ఆ ఏడాది నవంబరులో అధ్యక్షుడు వాషింగ్టన్ నిజంగానే బెంజమిన్ జాయ్ అనే వ్యాపారిని ఆ పదవికి ప్రతిపాదించాడు. ఈ ఉత్తరం ఎలా రాయాలో క్లాసులో చెప్పేదే ఇక్కడ రాస్తున్నాను.

ముందు పదవి ఏమిటో తెలుసుకోండి. అప్పట్లో అమెరికాకి పూర్తి హోదా ఉన్న రాయబారులు లేరు. పెద్ద దేశాలకి మినిస్టర్ ప్లెనిపొటెన్షియరీ (రాయబారి కంటే ఒక మెట్టు కింది దౌత్య ప్రతినిధి, క్లుప్తంగా మినిస్టర్) వెళ్లేవాడు. 1790 చట్టం ప్రకారం అతని జీతం ఏడాదికి 9,000 డాలర్లు మించకూడదు. అతని కింది మెట్టు మీద ఉండే షార్జే దఫేర్‌కి 4,500. కాన్సల్ సంగతి వేరు. ఉత్తరాఫ్రికా రేవుల్లాంటి ఒకటి రెండు చోట్ల తప్ప అతనికి జీతమే ఉండదు. ఓడల కాగితాలకి వసూలు చేసే ఫీజుల మీద, తన సొంత వ్యాపారం మీద బతకాలి. పైగా 1792 చట్టం వచ్చాక 2,000 నుంచి 10,000 డాలర్ల దాకా బాండు రాసి, జామీనుదారుల్ని చూపించాలి. అందుకే చేతిలో పైసా లేని పండితుణ్ణి కాన్సల్ పదవికి సిఫారసు చేస్తే అతనికి మేలు చేసినట్టు కాదు. మీవాడికి ఆ రేవులో వ్యాపారం ఉందా, జామీను ఎవరిస్తారు అన్నవి మొదటి పేరాలోనే రాసేయండి.

తర్వాత, విశేషణాలు తగ్గించండి. గుణవంతుడు, సమర్థుడు, దేశభక్తుడు అని మా విద్యార్థులు వరసగా రాసేస్తారు. ఆ కాలపు ఉత్తరాల్లోనూ ఇవి కుప్పలుగా ఉంటాయి. కానీ రాజ్యాంగం ప్రకారం అధ్యక్షుడు పేరు ప్రతిపాదించాక సెనేట్ ఒప్పుకోవాలి. తలుపులు మూసుకుని కూర్చున్న సెనేటర్లు ఏం అడుగుతారో ఊహించి రాయండి. ఏ రాష్ట్రం వాడు? వాషింగ్టన్ పదవులన్నీ ఒకే ప్రాంతానికి పోకుండా చూసుకునేవాడు, కాబట్టి ఇది ముఖ్యం. ఫ్రెంచ్ వచ్చా? ఇంతకుముందు అక్కడ ఉన్నాడా? అల్జీర్స్‌కి కాన్సల్ జనరల్‌గా వెళ్లిన రిచర్డ్ ఓబ్రయన్ అంతకుముందు అక్కడే పదేళ్లు బందీగా ఉన్నాడు. అల్జీర్స్ పద్ధతులు తెలిసినవాడని చెప్పడానికి ఆ ఒక్క సంగతి చాలు.

లోపాన్ని దాచకండి. ఇది నేను గట్టిగా నమ్మే మాట, క్లాసులో ఎక్కువసేపు చెప్పేదీ ఇదే. 1792 జనవరిలో గవర్నర్ మోరిస్‌ని (గవర్నర్ అతని పేరే, పదవి కాదు) ఫ్రాన్స్‌కి మినిస్టర్‌గా పంపడానికి సెనేట్ ఒప్పుకుంది, కానీ ఓట్లు 16, 11గా చీలాయి. ఆ నెలాఖరులో వాషింగ్టన్ మోరిస్‌కి ఉత్తరం రాసి, లోపల ఎవరెవరు ఏమన్నారో దాపరికం లేకుండా చెప్పాడు. తెలివికీ, దేశసేవ చేయాలన్న ఇష్టానికీ వంక పెట్టలేదట. కానీ నోటికి అదుపు లేదనీ, తనతో ఏకీభవించని వాళ్లతో అహంకారంగా మాట్లాడతాడనీ అన్నారు. ఇంగ్లండ్‌లో రహస్యంగా చేయాల్సిన పని గురించి అక్కడి ఫ్రెంచ్ రాయబారికి ముందే చెప్పేశాడన్న ఆరోపణ కూడా వచ్చింది. ఇకమీదట జాగ్రత్తగా ఉండమని వాషింగ్టన్ ఆ ఉత్తరంలోనే కోరాడు. మోరిస్ 1794 దాకా పారిస్‌లో ఉన్నాడు. చివరికి ఫ్రెంచ్ ప్రభుత్వమే అతన్ని వెనక్కి పిలిపించుకోమని అడిగింది. మీరు చెప్పకపోయినా లోపం సెనేట్‌లో బయటపడుతుంది. మీరే ముందు చెప్పి, అది ఆ పదవికి ఎందుకు అడ్డు కాదో వివరిస్తే, అధ్యక్షుడి చేతికి జవాబు ఇచ్చినట్టు అవుతుంది.

బంధుత్వం ఉంటే ఇంకా జాగ్రత్త. 1789లో వాషింగ్టన్ సొంత అన్నదమ్ముల బిడ్డ బుష్‌రాడ్ ప్రభుత్వ న్యాయవాది పదవి అడిగితే, జనం వేలెత్తి చూపుతారని కాదన్నాడు. అదే వాషింగ్టన్ 1797 ఫిబ్రవరిలో, కాబోయే అధ్యక్షుడు జాన్ ఆడమ్స్‌కి రాసిన ఉత్తరం నాకు తెలిసిన సిఫారసుల్లో అన్నిటికంటే మంచిది. జాన్ క్విన్సీ ఆడమ్స్ మీ కొడుకు అన్న కారణంతో అతనికి న్యాయంగా రావాల్సిన పైపదవి ఆపకండి, విదేశాల్లో మనకున్న ప్రతినిధుల్లో అందరికంటే విలువైనవాడు అతనే అని రాశాడు. కొడుకని ఇమ్మనలేదు, కొడుకని ఆపొద్దన్నాడు. ఆ యువకుడు నెదర్లాండ్స్‌లోని హేగ్‌లో అమెరికా ప్రతినిధిగా చేసిన పనిని వాషింగ్టన్ స్వయంగా గమనించాడు కాబట్టే ఆ మాట అనగలిగాడు. ఆడమ్స్ అతన్ని ప్రష్యాకి పంపాడు.

మీరు చూడని మనిషి తరఫున రాయకండి. ఎవరో చెప్పిన మాటయితే ఎవరు చెప్పారో రాయండి.

ఉత్తరం ఎంత బాగున్నా పదవి మీదే సెనేట్‌కి అభ్యంతరం ఉండొచ్చు. విలియం షార్ట్ జెఫర్సన్‌కి కార్యదర్శిగా పనిచేసినవాడు, యూరప్‌లో ఏళ్లతరబడి అనుభవం ఉన్నవాడు. 1808లో జెఫర్సన్ అతన్ని రష్యాకి నియమించి, సెనేట్ సమావేశాలు లేని సమయం కావడంతో ముందే పంపించేశాడు. 1809 ఫిబ్రవరిలో పేరు సెనేట్ ముందుకి వెళ్తే అనుకూలంగా ఒక్క ఓటు కూడా పడలేదు. అందుకే ఆ దేశానికి మనిషిని ఇప్పుడే ఎందుకు పంపాలో ఒకటి రెండు వాక్యాలు రాయమంటాను. కలకత్తా విషయంలో ఇది బాగా పనికొస్తుంది. 1794లో జాయ్ అక్కడ దిగాక ఈస్టిండియా కంపెనీ ప్రభుత్వం అతన్ని కాన్సల్‌గా గుర్తించలేదు, వ్యాపార ప్రతినిధిగా ఉండమంది. ఆ ఏడాదే ఆయన మద్రాసులో విలియం అబ్బాట్‌ని ఏజెంటుగా పెట్టాడు. మన కోస్తా జిల్లాల్లో చాలా భాగం అప్పటికే మద్రాసు పాలనలో ఉంది.

జవాబు కోసం ఒత్తిడి పెట్టకండి, వాషింగ్టన్ ముందుగా ఎవరికీ మాట ఇచ్చేవాడు కాదు. చిత్తుప్రతి అయ్యాక ఫౌండర్స్ ఆన్‌లైన్ సైటులో, వాషింగ్టన్, జెఫర్సన్‌లకి వచ్చిన అసలు ఉత్తరాలు ఉచితంగా చదవండి. కాన్సల్ అన్న మాటతో, 1790 నుంచి 1793 మధ్య తేదీలతో వెతకండి. మీ ఉత్తరం పక్కన ఒక అసలు ఉత్తరం పెట్టుకుని, ప్రతి విశేషణం కింద గీత గీసి, దాన్ని రుజువు చేసే సంగతి ఒకటైనా ఉందో లేదో చూడండి. లేని చోట ఆ విశేషణం కొట్టేసి, మళ్లీ రాయండి.